నోరున్న బడి

హన్మాండ్లు పంతులయింది దేశసేవ కోసం కాదు, పసుపు మార్కెట్లో నోరు జారినందుకు.

ఆర్మూర్‌లో పసుపు బేరమంటే అమ్మేవాడూ కొనేవాడూ తువ్వాల కింద వేళ్లు పట్టుకుని చేసేది. ధర ఆ ఇద్దరి వేళ్లకే తెలియాలి, పక్కవాడి చెవిన పడకూడదు. రైతుల పసుపు కమీషన్ మీద అమ్మిపెట్టే మేనమామ రాజేశ్వర్ ఆడ్తి దుకాణంలో కొత్తగా చేరిన మన మెట్రిక్ మేధావి, షావుకారు తన చేతిలో నొక్కిన వేళ్లను లెక్కగట్టి, పరీక్షలో జవాబు చెప్పినట్టు ధరను మార్కెట్టంతా వినేలా అరిచాడు. ఇంకేముంది, బేరం బుగ్గిపాలు.

"ఓర్నీ! నీ నోట్ల నువ్వుగింజ నానదు గదరా. పో, బడిపంతులువు గా. ఆడ ఒర్లినందుకే జీతమిస్తరు" అన్నాడు మామ.

అంత పవిత్రంగా నిర్ణయం జరిగిపోయింది. పందొమ్మిది వందల అరవై ఒకటిలో ఊళ్లోనే టెంపరరీ కొలువు దొరికింది.

హెడ్మాస్టర్ బాబురావుగారి బడిలో చీమ చిటుక్కుమన్నా వినబడేది. ఆ నిశ్శబ్దాన్ని ఆయన చింతబరికెతో పండించారు మరి. హన్మాండ్లుకిచ్చిన మూడో తరగతిలో ఏమడిగినా, తప్పు చెబితే వీపు పగులుతుందని పిల్లలు బొమ్మల్లా కూర్చునేవారు. హమాలీ ఎర్రన్న కూతురు నాగవ్వ అయితే పేరడిగినా పెదవి కదపదు.

హన్మాండ్లుకు ఒళ్లు మండింది. "గిది బడా, తువ్వాల కింది బేరమా? తప్పయినా సరే, గట్టిగ చెప్పుండ్రి. తెల్వకుంటె ఎందుకని అడుగుండ్రి. అడిగినోళ్లకు జవాబు చెప్పుడే నా పని!"

ఇదీ అయ్యగారి విద్యాతత్వం. ఇందులో ఏ ట్రైనింగు కాలేజీ పాపమూ లేదు. పసుపు ఉడకబెట్టే రోజులు దాటేసరికి నాగవ్వ నోరు విప్పింది. విప్పి, మూయడం మరిచిపోయింది. హన్మాండ్లు మురిసిపోయాడు.

ఇంతలో ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడని కబురు. ఆయన రాసే ముక్కను బట్టి హన్మాండ్లు కొలువు పక్కా కావాలి, లేదా ఊడాలి.

"ముందు వరుసోళ్లే జవాబు చెప్తరు. కడమోళ్ల నోళ్లు జర మూపియ్యి. కొలువు పక్కా గావద్దా?" అన్నారు బాబురావు.

హన్మాండ్లు తలూపాడు. ఊపక చస్తాడా? మళ్లీ మామ దుకాణం మెట్లెక్కే మొహం లేదు. కానీ తరగతిలోకి వెళ్లాక, ఆ పిల్లల్ని నోరు మూసుకోమనడానికి అంతటి వాగుడుకాయకూ మాట రాలేదు.

ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. "గోదావరి ఎక్కడ పుట్టింది?"

"పోచంపాడ్‌ల సార్!" వెనక వరుసలోంచి నాగవ్వ లేచి అరిచింది. "మా నాయిన సూపిచ్చిండు!"

బాబురావు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇన్‌స్పెక్టర్ చింతబరికె తీసి హన్మాండ్లు చేతికిచ్చాడు. "తప్పు చెప్పింది. మీ క్రమశిక్షణ ఏపాటిదో చూస్తాను, కానివ్వండి."

నాగవ్వ ముందుకొచ్చి, పసుపంటిన అరచెయ్యి చాపింది. ఏడవలేదు. రోజూ పాఠంలో అడిగినట్టే అడిగింది.

"ఎందుకు సార్?"

ఒక్క దెబ్బ వేస్తే కొలువు పక్కా. హన్మాండ్లు బరికెను తీసుకెళ్లి ఇన్‌స్పెక్టర్ ముందు బల్ల మీద పెట్టాడు.

"నాకు తెల్వది బిడ్డా. సార్ పెద్ద సదువు సదివిండు, సార్‌నే అడుగు."

నాగవ్వ చాపిన చెయ్యి తియ్యకుండానే అటు తిరిగింది. "ఎందుకు సార్?"

ఇన్‌స్పెక్టర్ గొడుగందుకుని లేచాడు. కొలువు పోయినట్టేనని హన్మాండ్లుకు తెలిసిపోయింది. ఏం కర్మో, సరిగ్గా అప్పుడే అతనికి నిజంగా పంతులు కావాలని బుద్ధి పుట్టింది.