పిట్టక్క వంటగట్టు

పిట్టక్క పోయిన మూడో వారంలో, ఆమె చెల్లెలు టైలరమ్మ కొట్టుకు ఇళ్ల సంఘం అధ్యక్షురాలు వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. కుట్టుమిషను పక్కన నిలబడి, చేతిసంచిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ, చెప్పలేక చెప్పలేక చెప్పింది. ఏడో నంబరు ఇల్లు ఇక టైలరమ్మకు రాదు. రెండు గదుల ఇల్లు ఒంటరి మనిషికి ఇవ్వకూడదని నియమం. దరఖాస్తు అక్కచెల్లెళ్లిద్దరి పేరా ఉంది గాని, ఇప్పుడు ఉన్నది ఒక్కతే కదా. వరసలో తర్వాత ఉన్నది ఒక బస్సు కండక్టరు కుటుంబం.

టైలరమ్మ విని సరేనంది. ఏడుపో, కోపమో, కనీసం ఒక నిష్ఠూరమో వస్తుందని అధ్యక్షురాలు కాసేపు కాచుకుని ఉంది. ఏదీ రాకపోయేసరికి ఆవిడే కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది. టైలరమ్మ ఆపిన కుట్టు దగ్గర్నుంచి మళ్లీ అందుకుని, ఆ చొక్కా చేయి పూర్తిచేసి, రెండో చేయి కూడా కుట్టేసింది.

ఊరి చివర ఖాళీ స్థలంలో లేస్తున్న పన్నెండు ఇళ్లలో అదొకటి. ఏళ్ల తరబడి అద్దెగదుల్లో మగ్గుతున్న వాళ్ల కోసం ఊళ్లోవాళ్లే శనివారం శనివారం వచ్చి కడుతున్నారు. బడిపంతుళ్లు, నర్సులు, మందుల షాపాయన, ఎవరికి చేతనైన పని వాళ్లది. ఇల్లు రావలసిన వాళ్లు కూడా అందరితోపాటు ఇటుకలు మోయాలి. ఏడాదిగా అక్కచెల్లెళ్లిద్దరూ ఒక్క శనివారం మానలేదు. పిట్టక్క నాలుగున్నర అడుగుల మనిషి. బడి క్యాంటీన్లో వంట చేసేది. ఇటుకలు మోస్తే మూడే మోసేది గాని, నోరు మాత్రం ముప్పై మంది పెట్టు. ఆమె ఉన్న చోట పని సాగుతున్నట్టే తెలిసేది కాదు. చివరికి పది రోజుల జ్వరం ఆమెను తీసుకుపోయింది.

ఇల్లు పోయాక టైలరమ్మ శనివారాలు వెళ్లనక్కర్లేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అయినా శనివారం తెల్లవారింది, లేచింది, పాత చీర కట్టింది, కాళ్లే అక్కడికి తీసుకెళ్లాయి. హాజరు కాగితంలో సంతకం పెట్టే చోట ఇంటి నంబరు రాయలేదు, అంతే తేడా. మేస్త్రి ఆమెను చూసి ఇసుక జల్లెడ పట్టమన్నాడు. ఆమె పట్టింది. ఆ పై శనివారం గోడలు తడపమన్నాడు. తడిపింది. సిమెంటుకి వేళ్లు పగిలి గరుకుతేలాయి. కొట్లో మెత్తని గుడ్డ పట్టుకుంటే పోగులు చర్మానికి తగులుకుని లేచి వచ్చేవి. ఒకామె తన పట్టు గుడ్డ పాడైందని గొడవపెట్టుకుంది. టైలరమ్మ క్షమాపణ చెప్పి, అప్పట్నుంచి వేళ్లకు నూనె రాసుకుని మిషను ముందు కూర్చోవడం అలవాటు చేసుకుంది. బాధ అనిపించలేదు. ఏదీ అనిపించడం లేదు. లోపల ఎవరో తలుపు దగ్గరగా వేసి వెళ్లినట్టు ఉంది.

కండక్టరు భార్య మొదటిసారి పనికి వచ్చిన రోజున టైలరమ్మ కళ్లు అలవాటు కొద్దీ ఆమె కొలత తీసుకున్నాయి. మనిషి భర్తకంటే జానెడు పొడుగు. ఆమెకు ఇల్లు చూపించే పని మేస్త్రి ఎందుకో టైలరమ్మకే అప్పగించాడు. ఇది ముందు గది, ఇది పడకగది, ఇది వంటిల్లు అని చూపిస్తూ పోయింది. వంటింట్లో ఆ పిల్ల ఆగింది. గట్టు ఆమెకు తొడల దగ్గరికే వచ్చింది. కూర తరుగుతున్నట్టు ఒకసారి వంగి చూసి, నడుం మీద చేయి వేసుకుని లేచి, వెంటనే నవ్వేసింది.

"బావుంది పిన్నీ. మాకిప్పుడున్న గదిలో అసలు గట్టే లేదు, కింద కూచునే వండుతున్నా."

ఆ గట్టు పిట్టక్కది. ముప్పై ఏళ్లు క్యాంటీన్లో పీట ఎక్కి వండానని, సొంత ఇంట్లో మాత్రం నేల మీద నిలబడే వండుతానని మేస్త్రితో పోట్లాడి, అందరి ఇళ్లకంటే ఆరంగుళాలు తక్కువగా కట్టించుకుంది. అంత తక్కువైతే గట్టెందుకు, నేల మీదే పలక పరిచేస్తానన్నాడు మేస్త్రి. పరిచి చూడు, నీ భోజనమూ నేలమీదే పోస్తానంది పిట్టక్క. ఆ రోజు అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. నల్లరాయి పలక బిగించిన ఎనిమిదో రోజున ఆమెకు జ్వరం తగిలింది.

ఆ సాయంత్రం టైలరమ్మ మేస్త్రి దగ్గరికి వెళ్లి గట్టు ఎత్తు పెంచాలని చెప్పింది. మేస్త్రి తాపీ కడుక్కుంటూ తల ఎత్తలేదు. ఆ అమ్మాయి అడగలేదు కదా అన్నాడు. అడగదని టైలరమ్మ చెప్పింది. ఉచితంగా వచ్చిన ఇంట్లో వంకలు పెడుతోందని ఎక్కడ అంటారోనని జన్మంతా వంగే వండుకుంటుంది.

"నా చేత్తో నేను తియ్యలేనమ్మా," అన్నాడు మేస్త్రి. "ఆవిడ ఇక్కడే నించుని కట్టించుకుంది."

"ఉలి ఇవ్వండి. నేను తీస్తా."

పై శనివారం దాకా ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. శనివారం ఉదయం మాత్రం ఉలీ సుత్తీ తెచ్చి గట్టు మీద పెట్టి, పలక పగలకుండా గోడ వారన సిమెంటు ఎలా చెక్కాలో చూపించి బయటికి వెళ్లిపోయాడు. టైలరమ్మ మధ్యాహ్నం దాకా చెక్కింది. గుమ్మంలోంచి ఒకరి తర్వాత ఒకరు తొంగి చూశారు. నర్సు వచ్చి భుజం మీద చేయి వేసింది. వాళ్లంతా దేనికోసం కాచుకున్నారో ఆమెకు అర్థమైంది. తనూ కాచుకుంది. ఒక్కొక్క పెచ్చు ఊడుతుంటే, ఇప్పుడు వస్తుందేమో ఏడుపు, ఇప్పుడు వస్తుందేమో అనుకుంది. ముక్కులోకి దుమ్ము పోయి తుమ్ము వచ్చింది.

పలక ఎత్తడానికి నలుగురు పట్టారు. సగం లేచాక కండక్టరు చేయి జారి, టైలరమ్మ ఎడమ చూపుడువేలు రాయికీ ఇటుకకీ మధ్య నలిగింది. ఆమె కిక్కురుమనలేదు. పలక పక్కన ఆనించాక గాని ఎవరూ రక్తం చూడలేదు. కండక్టరు మొహం పాలిపోయింది. అతని భార్య కొంగు చింపి వేలికి చుడుతూ భోరుమంది. వేలి గురించి కాదని అక్కడున్న అందరికీ తెలుస్తూనే ఉంది. ఆ గట్టు ఎవరిదో అప్పటికి ఆమెకు ఎవరో చెప్పేశారు.

"మీ అక్క గట్టు అలాగే ఉంచాల్సింది పిన్నీ. నేను సర్దుకునేదాన్ని."

"నీకు నడుం పట్టేస్తుందే పిల్లా," అంది టైలరమ్మ.

మేస్త్రి లోపలికి వచ్చి రెండు వరసల ఇటుక పేర్చాడు. గోడలో కొత్త గాడి కొట్టాడు. సాయంత్రానికి పలక పైకెక్కింది. ఆ పిల్లను నిలబెట్టి చూస్తే సరిగ్గా నడుం దగ్గరికి వచ్చింది. పాత గాడి పూడ్చిన చోట గోడ మీద తడి చార మిగిలింది. సున్నం వేశాక అది కూడా కనబడలేదు.

రెండు నెలలకు కండక్టరు వాళ్లు చేరారు. పిలిస్తే టైలరమ్మ వెళ్లింది. ముందు గదిలో కుర్చీ వేశారు. కండక్టరు తల్లి ఆమె చేయి పట్టుకుని వదల్లేదు. పిల్లలు గదిలోంచి గదిలోకి ఊరికే పరుగులు తీశారు. టీ తాగి, బావుందని చెప్పి, చీకటి పడకముందే తన అద్దెగదికి వచ్చేసింది. తాళం తీసి, దీపం వేసి, అక్క మంచం మీద పేరుకున్న కుట్టాల్సిన బట్టలు అటు జరిపి కూర్చుంది.

ఆ పై శనివారం ఎనిమిదో ఇంటి పునాదికి ఇటుకలు అందించే పని పడింది. ఆమె పక్కన నిలబడ్డది ఆ ఇల్లు రాబోయే ముసలాయన, పనికి ఆ రోజే కొత్తగా వచ్చాడు. రైల్వే గేటు కాపలాదారుగా చేసి రిటైరయ్యాడు. మోకాళ్లు వంగవు, మాట మాత్రం ఆగదు. పొద్దుటి నుంచి తన మనవరాలి చదువు గురించి చెప్పి చెప్పి, ఉన్నట్టుండి అడిగాడు.

"నీ ఇల్లు ఎన్నో నంబరమ్మా?"

టైలరమ్మ చేతిలో ఇటుకతో ఆగిపోయింది. ఇన్నాళ్లుగా ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు గనక ఆమెకు చెప్పాల్సిన పని పడలేదు.

"నాకు ఇల్లు లేదండి. మా అక్క చచ్చిపోయింది."

మాట బయటికొచ్చాక తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. ముసలాయన చేతిలోది కింద పెట్టి ఆమె వైపు తిరిగాడు.

"ఎన్నాళ్లయింది?"

"ఐదు నెలలు."

"పెద్దదా నీకంటే?"

"నాలుగేళ్లు పెద్దది. చూస్తే చిన్నదే అనుకునేవాళ్లు."

ఆయన అయ్యో అనలేదు. నీళ్ల సీసా మూత తీసి ఇచ్చాడు. ఆమె ఇటుకల గుట్ట మీద కూర్చుని సీసా మొత్తం తాగింది. దాహంగా ఉన్నట్టు అప్పుడే తెలిసింది. అవతల నుంచి మేస్త్రి ఇటుకలకోసం కేకేశాడు. ముసలాయన ఆగమని ఆయనకు చెయ్యి చూపించి, ఆమె పక్కనే చతికిలబడ్డాడు.