చెవి కడ్డీ

అమ్మన్న జీపు కింద వెల్లకిలా పడుకుని తుప్పు పట్టిన నట్టు మీద కిరసనాయిలు చుక్కలు చుక్కలుగా వదిలాడు. అది లోపలికి దిగేదాకా పానా ముట్టుకోకూడదు. పాత సైలెన్సర్ గొట్టం బొగ్గు గనుల దారిలో ఏ రాయికి తగిలిందో నిలువునా చీలి, మసి కక్కి, జీపు పొట్టకు అతుక్కుపోయి ఉంది. కాసేపాగి పానా పట్టించి ఒత్తాడు. నట్టు కదల్లేదు. మళ్ళీ కిరసనాయిలు పోశాడు. బతుకంతా ఇంజన్ల కింద గడిపినవాడికి ఒక నట్టు మొండికేస్తే కోపం రాదు.

బిలాస్‌పూర్ లోకో షెడ్డులో అమ్మన్న ఫిట్టర్. అలాంటి ఫిట్టర్లు షెడ్డు నిండా ఉండేవాళ్ళు. అతనికి మెడలో దండ పడింది లేదు, పై నుంచి చీవాట్లు పడిందీ లేదు. ఆవిరి ఇంజన్లు పోయాక పెద్దసార్లు అతన్ని స్టోర్సులో స్టూలు మీద కూర్చోబెట్టారు. వచ్చినవాళ్ళకు చేతులు తుడుచుకునే నూలు పీచు ఇవ్వడమే డ్యూటీ. ఎండాకాలం వస్తే రిటైరవుతాడు, క్వార్టర్ ఖాళీ చేయాలి. బొబ్బిలి వైపు నుంచి తండ్రి బొగ్గు తట్టలు మోయడానికి వచ్చి ఈ ఊళ్ళోనే పోయాడు. అక్కడ వీళ్ళకంటూ ఒక గడప కూడా మిగల్లేదు.

పెళ్ళాం అప్పలనర్సమ్మ తమ్ముడు సింహాచలం ఉస్లాపూర్‌లో గ్యారేజీ పెడుతున్నాడు. దానికి మేస్త్రీ కావాలి. "ముందు ఈ జీపు చెయ్యి బావా, సూద్దాం," అన్నాడు. ఆ 'చూద్దాం' అమ్మన్న గుండెల్లో ముల్లులా దిగింది. జీపు చప్పుడు లేకుండా నడిస్తే గ్యారేజీ వెనక గదిలో మొగుడూ పెళ్ళాం తలదాచుకుంటారు. లేకపోతే ఎక్కడికి పోవాలో ఇద్దరికీ తెలియదు.

అతని అసలు భయం పని గురించి కాదు. బాయిలర్ల మోత ఏళ్ళ తరబడి విని విని అతని ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి సగం పనిచేస్తుంది. ఈ సంగతి ఇంట్లో అప్పలనర్సమ్మకు తప్ప పరాయివాళ్ళెవరికీ తెలియదని అతని నమ్మకం. నలుగురిలో ఉన్నప్పుడు ఆమె ఎప్పుడూ అతని ఎడమ పక్కనే నిలబడేది. అటు నుంచి వచ్చిన మాటలు తనే అందుకుని జవాబు చెప్పేది.

పొద్దున జీపు దింపడానికి వచ్చినప్పుడు సింహాచలం అతని వీపు వెనక నిలబడి మెల్లగా ఏదో అన్నాడు. అమ్మన్న తిరగలేదు.

"ఏటిరా గొణుగుతావు? మగాడివి, గట్టిగా సెప్పు," అంది అప్పలనర్సమ్మ వంటింట్లోంచే.

"ఏం లేదక్కా. రమణమూర్తి సార్ నాలుగింటికొస్తారు. సౌండ్ అస్సలుండకూడదంట."

"ఉండదు," అన్నాడు అమ్మన్న.

జీపు రమణమూర్తిది. బొగ్గు కంపెనీలో సర్వేయరు. గనుల బురదలో నాలుగు చక్రాలూ తిరిగే బండి లేనిదే ఆయన పని సాగదు. రాయపూర్‌లో దొరికిందని కొత్త సైలెన్సర్ తెచ్చి ఇచ్చాడు. అది కంపెనీ సరుకు కాదు, ఎవరో సొంతంగా చేసి అమ్మేది. పాత గొట్టం విప్పి దీన్ని పెట్టి చూస్తే జానెడు పొడుగుంది. ముందు చక్రాలను తిప్పే షాఫ్టుకి రాసుకుంటోంది. అమ్మన్న గొట్టాన్ని రంపంతో కోశాడు. నలక్కుండా లోపల ఎండు ఇసుక కూరి, మంట పెట్టి ఎర్రగా కాల్చి, మెల్లగా వంచాడు. అతుకుల చుట్టూ ఆవిరి ఇంజన్లకు చుట్టే రాతినార తాడు చుట్టాడు. సైలెన్సర్‌ను పాత టైరు ముక్కలతో వేలాడదీశాడు. చెయ్యి మరిచిపోలేదని తెలిసి లోపల్లోపల మురిసిపోయాడు.

అప్పలనర్సమ్మ సంచి పట్టుకుని రేకుల షెడ్డు దగ్గరకు వచ్చింది. ఒకప్పుడు ఆవు కోసం పెరట్లో వేసిన షెడ్డది.

"మావా, బుధవారీ బజారుకెల్లొస్తాను. సారుకి పకోడీలెయ్యాలంటే ఉల్లిపాయల్లేవు. నువ్వు ఇంజను స్టార్ట్ సెయ్యకు. నేనొచ్చి ఇంటాను."

"జాయింటు గురించి నీకేటి తెలుసే?"

"జాయింటు తెలీదు. సప్పుడు తెలుస్తాది."

నిజమే. నిజం కాబట్టే అతనికి కష్టంగా తోచింది. రేపు గ్యారేజీలో కూడా పెళ్ళాన్ని పక్కన నిలబెట్టుకుని, అతుకులోంచి పొగ కారుతోందా లేదా అని అడగాలా?

"అచ్ఛా, ఎల్లు," అన్నాడు.

ఆమె వీధి మలుపు తిరిగేదాకా చూసి ఇంజన్ స్టార్ట్ చేశాడు. లోకో షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. అతుకు చల్లగా ఉన్నప్పుడు బిగిస్తే అది బిగింపే కాదు. ఇంజన్ నడవాలి, గొట్టం కాలాలి, అప్పుడు కిందకు దూరి వేడి మీద మళ్ళీ బిగించాలి. కారుతోందో లేదో తెలుసుకోవడానికి మూరెడు ఇనప కడ్డీ ఉంటుంది. ఒక కొస అతుకు మీద పెట్టి రెండో కొస చెవికి ఆనిస్తే లోపలి సంగతంతా చెబుతుంది. ఆ కడ్డీ అతని తండ్రిది; తట్టలు మోస్తూ మోస్తూ ఆయనా ఫిట్టరయ్యాడు.

కడ్డీ ఆనించాడు. ఏమీ తెలియలేదు. వెనక వీధిలో రామాయణ పారాయణం మైకు మోగుతోంది. యార్డులో డీజిలింజను హారను కొడుతోంది. ఉన్న సగం చెవినీ అవే తినేస్తున్నాయి. లేచి రేకు తలుపులు మూశాడు. అయినా సందుల్లోంచి మైకు వినబడుతుంటే గోనెసంచులు తెచ్చి తలుపు కిందా పక్కలా కూరాడు.

పొగ సంగతి అతనికి తట్టకపోలేదు. పైన రేకుకూ గోడకూ మధ్య బెత్తెడు సందుంది. పొగ పైకి పోతుంది, మనిషి నేలనంటి ఉంటే భయం లేదు. లోకో షెడ్డులో పొగ కమ్మినప్పుడల్లా తండ్రి అదే చెప్పేవాడు, పడుకోమని. ఆ మాటతోనే చాలామంది బయటపడ్డారు. అయితే అది బొగ్గు పొగ. కంటికి కనబడేది, గొంతులో గీరేది. ఈ బండి వదిలే విషపు గాలి రంగూ వాసనా తెలియకుండా నేల మీద మనిషిని కూడా చుట్టుకుంటుందని అతనికి ఎవరూ చెప్పలేదు. అతను వెల్లకిలా పడుకున్నాడు.

ఇప్పుడు వినబడింది. మొదటి అతుకు బాగుంది. రెండో దాని దగ్గర సన్నగా బుస. కడ్డీలోంచి ఆ బుస కుడి చెవిలోకి దిగగానే అమ్మన్నకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వినబడింది. అప్పలనర్సమ్మ లేకుండా, తన చెవికే వినబడింది. పానా పట్టించి బిగించాడు. బుస తగ్గింది. ఇంకో చుట్టు బిగించాడు, ఆగిపోయింది.

కణతలు కొట్టుకుంటున్నాయి. పొద్దున్నుంచి ఏమీ తినలేదు, అందుకే కాబోలు అనుకున్నాడు. కడుపులో తిప్పినట్టయింది. కిరసనాయిలు వాసన అనుకున్నాడు. మూడో అతుకు మీద కడ్డీ పెట్టాడు. చేతులు బరువెక్కాయి. ఏమీ వినబడలేదు. అతుకు బాగున్నందుకో, చెవి మళ్ళీ మొరాయించినందుకో తేల్చుకోలేకపోయాడు. ఇంకాసేపు విందామనుకున్నాడు. నేల వెచ్చగా ఉంది. నర్సమ్మ వచ్చేలోపు ఒక్క కునుకు తీస్తే ఏం పోయింది అనుకున్నాడు.

అప్పలనర్సమ్మ సంచీతో పెరట్లోకి వచ్చేసరికి తలుపులు మూసి ఉన్నాయి. లోపల ఇంజను నడుస్తోంది. ఆమె ఆగి విన్నది. మెత్తగా, ఒకే తీరున ఉంది, ఎక్కడా బుస లేదు. ముందు సంతోషమే కలిగింది.

"సప్పుడు నేదు మావా. బాగా సేసినావు," అని గట్టిగా చెప్పింది.

వినబడలేదనుకుని ఇంకా గట్టిగా చెప్పింది. అప్పుడు తలుపు కింద గోనెసంచులు కనబడ్డాయి. తలుపు లాగితే వెచ్చటి గాలి మొహానికి కొట్టింది. జీపు కింద నుంచి అతని పాదాలు బయటకు ఉన్నాయి. అతని కుడి చెవి వైపుకు పోయి వంగి పిలిచింది. ఉల్లిపాయలు నేల మీద దొర్లాయి.

పక్క క్వార్టర్ గోవిందరావు పరుగున వచ్చి తాళం తిప్పి ఆపేదాకా ఆ ఇంజను అలా నెమ్మదిగా నడుస్తూనే ఉంది.

దినాలు అయ్యాక సింహాచలం జీపు తీసుకుపోవడానికి వచ్చాడు. స్టార్ట్ చేసి, తల వంచుకుని కాసేపు విన్నాడు.

"ఒరే, మీ బావకి సెవులు సరిగ్గా ఇనబడవు," అంది అప్పలనర్సమ్మ గుమ్మంలోంచి. "నేనే దాచినాను. ఆ పిచ్చిమనిషి నీకు తెలిస్తే పని ఇవ్వవని తలుపులేసుకున్నాడు."

సింహాచలం స్టీరింగు మీది చేతులు తియ్యలేదు.

"నాకు తెల్సక్కా. ఎప్పట్నుంచో తెల్సు. తెలిసే పిలిచినాను."

జీపు చప్పుడు చేయకుండా వీధి మలుపు తిరిగింది. ఆమె ఖాళీ షెడ్డులోకి వెళ్ళి, నేల మీద అలాగే పడి ఉన్న ఇనప కడ్డీని తీసి కొంగుతో తుడిచింది. ఒక కొస నిండా మసి. తండ్రి చెవికీ కొడుకు చెవికీ ఆని ఆని అరిగిన రెండో కొస మాత్రం నున్నగా, తెల్లగా ఉంది.