గుమ్మడికాయ కింద లిఫ్టు

మణికొండల వీరేశంను అడిగితే తన పొలంల రెండే రెండు మంచిగ పండినయని చెప్తడు. ఒకటి జొన్న, ఇంకోటి లిఫ్టు. జొన్న సంగతి ఎన్నడో ముగిసింది. పొలాన్ని బిల్డరు చేతుల పెట్టి, అందుల లేచిన అయిదంతస్తుల అపార్ట్‌మెంటుల తన వాటా ఫ్లాట్లు తీసుకొని, అన్నిటికంటే పైనున్నదాన్ల తను దిగిండు. "కిందనే ఉందామయ్యా, నా మోకాళ్లు నా మాట ఇంటలేవు" అని భార్య సత్తెమ్మ ఎంత మొత్తుకున్నా ఇనలే. "లిఫ్టుంది గదనే! నీతోని ఒక్క మెట్టు గూడ ఎక్కనియ్య, దిగనియ్య. పూచీ నాది" అని మాటిచ్చిండు. పైనుంచి పొద్దు గుంకేది కనిపిస్తదని ఆయన ఆశ. ఆ ముచ్చట గూడ ఎన్నో రోజులు నిలువలే. కోకాపేట టవర్లు లేచి పొద్దును ముందుగాల్నే మింగుతున్నయి. ఇగ మిగిలింది లిఫ్టే.

అందుకే లిఫ్టంటే ఆయనకు పానం. అసోసియేషన్ ప్రెసిడెంటు ఆయననే గావట్టి, టెర్రస్ మీదున్న లిఫ్టు మోటరు గది తాళంచెవి మొలతాడుకే కట్టుకునేటోడు. దసరా వచ్చిందంటే చాలు, అందరు బండ్లకు పూజ జేస్తుంటే ఈయన మోటరుకు బొట్లు వెట్టి, బంతిపూల దండేసి, కొబ్బరికాయ కొట్టేటోడు. పోయిన దసరాకు ఇంకో అడుగు ముందుకేసిండు. మోటరుకు సరిగ్గ పైన, కప్పుకు ఒక ఇనుప కొక్కెం ఉంది. రిపేరప్పుడు మోటరును లేపనీకి పెట్టిందది. వీరేశం కంటికి మాత్రం అది గుమ్మడికాయ కోసమే పుట్టినట్టు కొట్టింది. మంచి బూడిద గుమ్మడికాయ తెచ్చి, ఉట్టి కట్టి, దానికి ఏలాడదీసిండు. "ఇగ చూస్త, నా లిఫ్టుకు ఎవని దిష్టి తగల్తదో" అన్నడు.

ఎండాకాలం నడిమికి లిఫ్టుకు మనసు మారింది. అంతస్తుకు సమానంగ ఆగేది పోయి, రెండు వేళ్లంత కిందికి దిగి ఆగుడు మొదలువెట్టింది. మిగిలినోళ్లకు అదేమంత పెద్ద సంగతి గాదు, ఫోన్లు చూస్కుంటనే కాలు లేపి దాటేటోళ్లు. వీరేశం మాత్రం కారణం ఒక్క నిమిషంల కనిపెట్టిండు. ఎదురుంగ కొత్తగ లేచిన టవరోళ్ల దిష్టి! పాత గుమ్మడికాయ బలం అయిపోయిందని, దాని పక్కపొంటి ఇంకింత పెద్దది తెచ్చి కట్టిండు. పాతది తీస్తె ఉన్న బలం గూడ పోతదేమోనని దాన్నట్లనే ఉంచిండు. నెల తిరక్కముందే రెండు వేళ్లు కాస్త బెత్తెడైంది. "జూసినవా, ఎంత పాపిష్టి కండ్లో!" అని ఎదురు టవరు దిక్కు మెటికలు ఇరిచిండు.

ఆ బెత్తెడు కాడనే సత్తెమ్మ పడ్డది. కూరగాయల సంచితోని బయటికి అడుగేయవోయి, అంచు తట్టుకొని బొక్కబోర్ల పడ్డది. అసలే నొప్పి మోకాలు, వాచి కుండైంది. వీరేశంకు భయమైతె కోపమొస్తది, ఆయన తీరే అంత. "కండ్లు నెత్తి మీదున్నయా? కింద జూసి నడువరాదు?" అని నలుగురిల గయ్యిమన్నడు. తెల్లారి కండ్ల దవాఖానకు తోల్కపోయి, దొడ్డు అద్దాలు చేపిచ్చి ముక్కు మీద పెట్టిచ్చిండు. "నా కండ్లకేమైందయ్యా, సూదిల దారం ఎక్కిస్త" అని ఆమె అంటనే ఉండె, ఈయన ఇంటేనా. అప్పటినుంచి సత్తెమ్మ లిఫ్టు దిగినప్పుడల్లా తలుపు పట్టుకొని, అద్దాల్లకెంచి పాదాలను చూస్కుంట, బురదల దిగినట్టు దిగేది.

లిఫ్టును బాగుజేసే కంపెనీ నుంచి ఓదెలు అనే మెకానిక్ నెలనెల వచ్చేటోడు. పెద్దపల్లి దిక్కోడు, నెమ్మదస్తుడు. "ఎట్లుంది ఓదెలూ?" అంటె "మంచిగుంది సార్" అని పైకి చూడకుంట జవాబు చెప్పి, చాయ్ తాగి పోయేటోడు.

బతుకమ్మ పండుగ మొదలైనంక అసోసియేషన్ మీటింగు పెట్టిన్రు. సెక్రటరీ కృష్ణప్రియ లేచింది. మూడో అంతస్తుల ఉంటది, గచ్చిబౌలిల సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, విజయవాడ దిక్కు పిల్ల.

"అంకుల్, లిఫ్టుని బయటివాళ్లతో ఇన్‌స్పెక్షన్ చేయిద్దామండి. రిపేరు చేసేదీ వాళ్లే, బాగుందని చెప్పేదీ వాళ్లేనా? పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకుంటే అందరూ ఫస్టు క్లాసే కదండీ!"

అందరు చప్పట్లు కొట్టిన్రు. వీరేశం ముఖం మాడింది.

"నా లిఫ్టును బయటోడు చూసుడేంది? పెండ్లిచూపులా? అయితె గియితె దసరా అయినంక చూద్దం."

"ఇన్‌స్పెక్టరు గారు ఎల్లుండి వస్తున్నారు అంకుల్. అడ్వాన్సుగా టైము తీసేసుకున్నాను."

వీరేశం పరేషాన్ అయిండు. ఆయన భయం లిఫ్టు గురించి గాదు, పండుగ ఆఖరి రోజు ఆడే సద్దుల బతుకమ్మ గురించి. మూడొద్దులల్లనే ఉంది. ఆ అపార్ట్‌మెంటుల కరీంనగరోళ్లున్నరు, కాకినాడోళ్లున్నరు, నాగ్‌పూరోళ్లున్నరు. అందరికి పాట నేర్పింది సత్తెమ్మనే. ఆమె గొంతెత్తితేనే కింద ఆట మొదలయితది. ఏడాదంత మోకాలు పట్టుకొని కూసున్నా, ఆ ఒక్క సాయంత్రం కోసమే ఆమె బతుకుతదంటే అబద్ధం గాదు. వచ్చేటోడు ఏదో వంక పెట్టి లిఫ్టు బంద్ పెడితే? ఆ మోకాలితోని అన్ని మెట్లు ఎట్ల దిగుతది, ఎట్ల ఎక్కుతది? సత్తెమ్మ గూడ ముందే చెప్పి పెట్టింది. "ఈసారి పండుగకు నేను కిందికి దిగకుంటే నీకు ప్రసాదం మలీద ముద్ద గూడ దక్కదు, యాదుంచుకో."

ఇన్‌స్పెక్టరు వచ్చిండు. పేరు సుబ్రహ్మణ్యం. నుదుటి నిండ విభూతి రేఖలు, నడిమిట్ల కుంకుమ. చూడంగనే వీరేశం పానం కుదుటపడ్డది. మనోడే, దేవుడంటే భయమున్నోడే అనుకొని మొలతాడు విప్పినంత పనిజేసి తాళం తీసిండు. వెనుక కృష్ణప్రియ, ఓదెలు గూడ వచ్చిన్రు. మోటరు గది గడప కాడ సుబ్రహ్మణ్యం చెప్పులు విడిచి, గుమ్మడికాయలను చూసి రెండు చేతులు జోడించిండు. వీరేశం ఉబ్బిపోయి కృష్ణప్రియ దిక్కు చూసిండు, చూడు అన్నట్టు.

సుబ్రహ్మణ్యం దండం దించి టార్చి లేపిండు. వెలుగు ముందు గుమ్మడికాయ మీద పడ్డది. అక్కడినుంచి మెల్లగ కిందికి దిగింది. పాత గుమ్మడికాయ అడుగు మెత్తబడి నల్లగైంది. దాని కింద మోటరు మీద చారలు, ఎండినయి కొన్ని, పచ్చియి కొన్ని. చారలన్ని పోయి లిఫ్టును పట్టి ఆపే బ్రేకులకే దిగినయి. ఆయన వేలు పెట్టి చూసి, ముక్కు కాడికి తెచ్చి, ముఖం తిప్పుకున్నడు.

"ఇది ఎన్నాళ్ల నుంచి కారుతోందండీ?"

అందరు ఓదెలు దిక్కు చూసిన్రు. ఓదెలు తన కాలి వేళ్ల దిక్కు చూసిండు.

"ఎండాకాలం నుంచి సార్. వచ్చినప్పుడల్లా తుడుస్తనే ఉన్న. తుడిచిన వారం మంచిగుంటది, మల్ల కారుతది."

"మరి తీసి పారెయ్యకపోయినవా ఓదెలూ!" అని వీరేశం అరిచిండు.

"అమ్మో, దిష్టి గుమ్మడికాయ సార్! కట్టినోళ్లే తియ్యాలె. నేను ముట్టుకుంటే మీ బిల్డింగు దిష్టంత నా పిల్లలకు తగల్తది. మీకు చెప్దామంటే ప్రెసిడెంటు సారువి మీరు, మీకు కోపమొస్తే మా కంపెనీ పనిపోతది. అందుకే మంచిగుందన్న."

ఈసారి కృష్ణప్రియ వీరేశం దిక్కు చూసింది, చూడు అన్నట్టు.

"లిఫ్టు ఆపెయ్యాలండి" అన్నడు సుబ్రహ్మణ్యం. "బ్రేకు లైనర్లు, అంటే పట్టి ఆపే పట్టీలు, మార్చాకే నడపాలి. మళ్లీ నేను చూశాకే మనుషులు ఎక్కాలి."

"సార్, జర దయజూడున్రి. ఆ గుమ్మడికాయలను మీ చేతులతోని తీసి, ఓ తుడుపు తుడిచి పాస్ చెయ్యిన్రి. మీరు విభూతి పెట్టుకునే మనిషి, మీకే దిష్టి తగలది."

సుబ్రహ్మణ్యం నవ్విండు. "నేను ముట్టుకోకూడదండి. నేనే తీసి, నేనే తుడిచి, నేనే బాగుందని సంతకం పెడితే ఓదెలుకీ నాకూ తేడా ఏముంది? పూజ చెయ్యండి, తప్పులేదు. నా స్కూటరుకి నేనూ బొట్టు పెడతాను. బ్రేకుకి మాత్రం పెట్టనండి." తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ఆగిండు. "బ్రేకుకి పట్టు దొరక్క ఆగాల్సిన చోటు నుంచి కిందికి జారుతుంది. తలుపు దగ్గర ఎవరూ తట్టుకుని పడలేదు కదా?"

వీరేశంకు సత్తెమ్మ వాచిన మోకాలు కండ్ల ముందుకొచ్చింది. దొడ్డు అద్దాలు వచ్చినయి. నలుగురిల తను గయ్యిమన్న మాట చెవుల మల్ల మోగింది. సత్తెమ్మ కండ్లు సూదిల దారమెక్కించే కండ్లే. పడగొట్టింది ఎదురు టవరోళ్లు గాదు, తనే. కుళ్లిన పాతదాన్ని తియ్యకుంట, పక్కపొంటి రెండోది గూడ కట్టి పడగొట్టిండు.

స్టూలు తెచ్చుకొని తనే ఎక్కిండు. రెండు గుమ్మడికాయలను తనే విప్పి, చెరో చేతిల ఏలాడేసుకొని మెట్లు పట్టిండు. పాతది దారిపొంటి కారుతనే ఉండె. తమ తలుపు కాడికి రాంగనే సత్తెమ్మ ఎదురైంది.

"ఏందయ్యా గా అవతారం? గుమ్మడికాయలేసుకొని ఎటు పోతున్నవ్?"

"లిఫ్టు బంద్ పెట్టిన్రు."

ఆమె తిట్టలే. తిట్టినా బాగుండు. "మాటిచ్చినవు గదయ్యా" అన్నది, అంతే. లోపటికి పోయి తలుపు దగ్గరేసుకున్నది.

ఆ రాత్రి వీరేశం నిద్రపోలే, కంపెనీని నిద్రపోనియ్యలే. "లైనర్లు రాకుంటే మీ ఆఫీసు ముంగటనే బతుకమ్మ పెట్టిస్త" అని ఫోన్ల బెదిరిచ్చిండు. సద్దుల బతుకమ్మ నాడు పొద్దుగాల లైనర్లొచ్చినయి. గుమ్మడికాయలు పోయినయి గావట్టి ఓదెలు ఈసారి పైకి చూస్కుంట, ఈల ఏస్కుంట పనిజేసిండు. పగటీలి, అన్నాల యాళ్లకు సుబ్రహ్మణ్యం వచ్చిండు.

"నిండు బరువుతో పరీక్ష చెయ్యాలండి. బరువులేవీ?"

కంపెనీ బరువులు పండుగ ట్రాఫిక్‌ల యాడనో ఇరుక్కున్నయి.

"నేనెక్కుత సార్! పడితే నేనే పడత, న్యాయంగ నేనే పడాలె" అని వీరేశం లిఫ్టులకు ఉరికిండు. సుబ్రహ్మణ్యం చెయ్యి పట్టి బయటికి గుంజిండు. "మనుషులతో పరీక్ష చెయ్యమండి, బాబూ!"

"బియ్యం బస్తాలైతే?" అన్నది కృష్ణప్రియ.

అపార్ట్‌మెంటు గ్రూపుల మెసేజ్ పడ్డదో లేదో, తలుపులన్ని తెరుచుకున్నయి. పండుగని అందరిండ్లల్ల బియ్యం నిండుగనే ఉండె. కరీంనగరోళ్లు జై శ్రీరాం బియ్యం తెచ్చిన్రు, కాకినాడోళ్లు సోనామసూరి తెచ్చిన్రు, నాగ్‌పూరోళ్లు గోధుమపిండి సంచి మోసుకొచ్చి "ఆటా చలేగా?" అని, పిండైతే నడుస్తదా అన్నట్టు, అడిగిన్రు. సుబ్రహ్మణ్యం త్రాసు మీద ఒక్కో బస్తా తూచి లోపల పేర్పిచ్చిండు. లిఫ్టు బియ్యం కొట్టు తీరుగైంది. పైకి పంపిండు, కిందికి దించిండు, నడిమిట్ల ఆపిండు. ఆపినప్పుడల్లా వంగి గడప మీద అరచెయ్యి పరిచి చూసిండు. వీరేశం మాత్రం ఆ అరచేతినే చూస్కుంట మనసుల ఎల్లమ్మకు మొక్కుతనే ఉండె. ఆఖరికి సుబ్రహ్మణ్యం లేచి చేతులు దులుపుకున్నడు.

"ఇక అమ్మగారు ఎక్కొచ్చండి."

సాయంత్రం కింద ఆడోళ్లంత గుమిగూడిన్రు. బతుకమ్మలన్ని నడిమిట్ల పెట్టిన్రు గానీ పాట మొదలుగాలే, సత్తెమ్మ కోసం ఆగిన్రు. వీరేశం ఆమెను పైన లిఫ్టు ఎక్కిచ్చి, తను మెట్లమీదికెంచి దడదడ ఉరికొచ్చి, కింద తలుపు ముంగట నిలవడి రొప్పుతుండు.

తలుపు తెరుచుకున్నది. పట్టుచీర, చేతులల్ల తాంబాళం, అందుల తంగేడు, గునుగు, బంతి పూలతోని ముఖానికి అడ్డమొచ్చేంత బతుకమ్మ. పాదాలు చూస్కుందామన్నా కనిపించేటట్టు లేదు. వీరేశం పట్టుకోనీకి రెండు చేతులు చాపిండు. సత్తెమ్మ ఆగలే, తడుములే. నేల మీద నడిచినట్టు ఇవతలికి అడుగేసింది. నేల అక్కడనే ఉండె.

వీరేశం చాపిన చేతులు దించుకున్నడు. అందరు చూస్తున్నరన్న ఫికర్ గూడ చెయ్యలే. నలుగురిల తిట్టిన మాట నలుగురిలనే ఎనక్కి తీసుకోవాలె గద.

"సత్తెమ్మా, ఆనాడు నీ కండ్లది తప్పు గాదే. తప్పంత నాది. నేనే నిన్ను పడగొట్టిన."

"బిల్డింగంత తెల్సు, నాకు తెల్వదా?" అన్నదామె. బతుకమ్మను కృష్ణప్రియ చేతికిచ్చి, తన ముక్కు మీది దొడ్డు అద్దాలు తీసి, మొగని ముక్కు మీద పెట్టి, చెవులకు సరిగ్గ తగిలిచ్చింది.

"ఇగ ఇవి నువ్వే పెట్టుకో. పైకి జూసుడు బంద్ జేసి, జర కింద జూసి నడువు."

అందరు ఘొల్లుమన్నరు. ఓదెలు నవ్వు ఆపుకోలేక గోడ దిక్కు తిరిగిండు. సత్తెమ్మ చీరకొంగు నడుముకు చెక్కి, నడిమిట్లకు పోయి గొంతెత్తింది. ఆ అద్దాల్లకెంచి వీరేశంకు పూలు, చీరెలు, దీపాలు అన్ని కలిసి ఒక్క రంగుల ముద్దయి తిరుగుతున్నయి. మనిషెవరో, బతుకమ్మెవరో ఆనవాలు దొరుకుతలేదు. పాట మాత్రం మంచిగ ఇనిపిస్తుంది. ఆట అయ్యేదాక ఆయన అద్దాలు తియ్యలే.