కొసరు చెంచా

పద్మకుమారి వాళ్లది అనకాపల్లిలో బెల్లం కొట్టు. తూకం అయ్యాక కొసరుగా ఓ ముక్క వెయ్యకపోతే ఆవిడకి చెయ్యి ఊరుకోదు. మనవడి పాలసీసాలోనూ అంతే, కొలత ప్రకారం పాలపొడి వేసి, పైన ఒక చెంచా కొసరు వేసేది. పాపం చంటాడి పొట్ట రాయిలా గట్టిపడింది. విరేచనం కాక, కాళ్లు ముడుచుకుని గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

కారణం కోడలు కన్యక కనిపెట్టింది.

"అత్తయ్యా, పొడి ఎక్కువైతే పాలు చిక్కబడిపోతాయి. బాబుకి అరగవు."

"ఏటే, సొంత మనవడి దగ్గర పిసినారితనమా?"

"రేపటిదాకా నన్ను కలపనివ్వండి."

"సరే. రేపూ ఇలాగే ఏడిస్తే మళ్లీ నా చెయ్యే!"

కన్యక సీసాని నీళ్లలో వేసి మరగబెట్టింది. కాచిన నీళ్లు వేడిగా ఉండగానే కొలిచి పోసి, చాకు మొద్దువైపుతో చదును చేసిన చెంచాల పొడే వేసి కలిపింది. చల్లార్చి, మణికట్టు మీద చుక్క వేసుకుని చూశాకే పట్టింది. తాగగా మిగిలినవి పారబోస్తే అత్తగారు మూతి ముడిచింది. ఫ్లాస్కులో వేడినీళ్లు, తడిలేని డబ్బాలో పొడి వేరువేరుగా ఉంచుకుంది కాబట్టి, వాడికి ఆకలేసినప్పుడల్లా తాజా పాలు ఇట్టే సిద్ధమయ్యేవి.

మర్నాడు మధ్యాహ్నం గుడ్డ మార్చబోయిన పద్మకుమారి కేక కింద కొట్టుదాకా వినిపించింది.

"ఏవండోయ్! మనోడు దొడ్డికెళ్లేడు!"

బేరమాడుతున్నవాళ్లంతా తలెత్తి చూశారు. ఆవిడ భర్త భీమశంకరరావు తక్కెడ వదిలేసి మెట్లెక్కేడు.

"ఊరంతా వినాలా ఏటే?"

"విననీండి! నా కోడలి చేతి పాలండీ అవి!"

చంటాడు దుప్పటి మీద కాళ్లాడిస్తూ కిలకిలా నవ్వుతున్నాడు.