వేలిగోరంత ముక్క

వారం నుంచీ మరిది బండి, రేకుడబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టు మోగుతోంది. ఇంజిన్ లోపల తిరిగే టైమింగ్ చైను వదులైందనీ, దాన్ని బిగువుగా నొక్కిపట్టే రెండు ప్లాస్టిక్ ప్యాడ్లూ అరిగిపోయాయనీ వదినకు మూత విప్పకుండానే తెలిసిపోయింది. ఆమె బళ్ళు బాగుచేసే షెడ్డు వాళ్ళ నాన్నది. పానాలతోపాటు ఆ చెవినీ ఆయనే ఇచ్చిపోయాడు.

తెల్లారేసరికి బండి రొట్టెల బుట్టలెత్తుకోవాలి. రేపు రాకపోతే రొట్టెలు వేసే లైను ఇంకొకడికి ఇచ్చేస్తానని బేకరీ యజమాని మొహం మీదే చెప్పేశాడు. అందుకే మరిది షెడ్డు గుమ్మంలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"కూర్చో అబ్బాయ్. నువ్వు తిరిగితే చైను బిగుసుకోదు," అంది వదిన, స్టూలు మీద కూర్చుని కిందికి వంగుతూ. ఆయిలు దించే బోల్టుకు పానా తగిలించగానే సర్రున జారింది. "దీని మూలలు ఎవరు కొరికారు?"

"ఎలకలేమో వదినా."

"పానా పట్టుకునే ఎలకలు కూడా ఉన్నాయా మనింట్లో?"

మరిది పైకప్పు రేకుల వంక చూశాడు.

ఆయిలు బేసిన్‌లోకి దిగింది. మూత విప్పి, చైను లోపలికి జారిపోకుండా తీగతో కట్టి, వదిన మొదటి ప్యాడ్ పైకి లాగింది. చైను రాపిడికి దాని వీపున రెండు గాళ్ళు పడ్డాయి. రెండోది పొట్టిగా వచ్చింది. కొస విరిగిపోయి వేలిగోరంత ముక్క లేదు.

ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆ ముక్క చైనుకూ పళ్ళచక్రానికీ మధ్య పడిందంటే ఇంజిన్ ఇక పాత ఇనుముకే.

ఆయిలు గుడ్డలో వడగట్టింది. లైటు పట్టి, తీగ వంచి సందులన్నీ గెలికింది. అయస్కాంతం ఉంది గానీ ప్లాస్టిక్ దాని మాట వినదు. ముక్క జాడ లేదు.

"ఇంజిన్ దింపి రెండుగా విడదీయాలి. రేపటికి కాదు," అంది.

మరిది గుమ్మం వదిలి దగ్గరికొచ్చాడు. "అలాగే బిగించేస్తే? ఏదో ఓ మూల పడుంటుందిగా."

"ఇంట్లో పాము దూరితే, మూలనే ఉందిలే అని ముసుగుతన్ని పడుకుంటావా?"

ఇంజిన్ బోల్టులు విప్పడానికి స్టూలు అవతలి పక్కకు లాక్కుని కూర్చుంది. అది ఒక్కసారిగా పక్కకు ఒరిగింది. పడబోయి బండి పట్టుకుంది.

"మీ అన్న చేసిన స్టూలు," అని గొణిగి, మాట మధ్యలో ఆపేసింది. ఏళ్ళ తరబడి ఊగిన స్టూలు ఈమధ్య ఊగడం మానేసింది. ఇప్పుడు మళ్ళీ ఎందుకు ఊగినట్టు?

ఇందాక స్టూలు ఉన్నచోటు చూసింది. నేల మీద నల్లటి ముక్క. తుడిచి, విరిగిన కొసకు ఆనించింది. రెండు పెదవులు మూసుకున్నట్టు అతుక్కుపోయింది.

"మరిదిగారూ, ఏమిటిది?"

మరిది మెడ రుద్దుకున్నాడు. "నువ్వు ఊరెళ్ళినప్పుడు ఆయిలు నేనే మార్చాను. అందులో వచ్చింది. ఇంజిన్లో ప్లాస్టిక్ ఎందుకుంటుంది, ఆయిలు డబ్బా మూతలోదేమో అనుకున్నా. స్టూలు ఊగుతోంది కదా అని కాలి కింద పెట్టా."

"పొద్దున్నుంచీ నోరెందుకు విప్పలేదు?"

"విప్పితే బోల్టు సంగతి బయటపడుతుందని."

తిడదామని నోరు తెరిచింది గానీ నవ్వొచ్చింది. "చంకలో పిల్లను పెట్టుకుని సంతంతా వెతికిందట ఒకావిడ. నేనైతే పిల్ల మీదే కూర్చుని వెతికాను."

మిగిలిన పని చకచకా సాగింది. కొత్త ప్యాడ్లు దిగాయి, చక్రం మీది గుర్తూ ఇంజిన్ మీది గుర్తూ ఎదురెదురుగా వచ్చాయి, చైను బిగిసింది. ముందు చేత్తో తిప్పి చూసి, ఆయిలు పోసి, అప్పుడు కిక్కు కొట్టమంది. స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కు ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. గులకరాళ్ళు లేవు.

"బుట్టలు కట్టుకో పో," అంది.

మరిది ఊపిరి వదిలిన చప్పుడు ఇంజిన్ మోతలోనూ వినబడింది. వంగి, ఆ నల్లముక్క మళ్ళీ స్టూలు కింద పెట్టబోయాడు.

"వద్దు, జేబులో వేసుకో. ఈసారి ఆ బోల్టు మీద చెయ్యి వెయ్యాలనిపిస్తే దాన్నొకసారి తడుముకో."

బండి వీధి మలుపు తిరిగేదాకా వింటూ వదిన స్టూలు మీద కూలబడింది. అది అటూ ఇటూ ఊగింది. హాయిగా ఊగనిచ్చింది.