మాడిన బన్ను వాసన

అన్యాయం జరిగింది ముక్కులమ్మకి. లోకమంతా ముక్కుకి గుడ్డ కట్టుకు తిరిగిన ఏడాదిలో జరిగింది. చేసింది పరాయివాళ్లు కాదు, సొంత పిన్ని.

ముక్కులమ్మకి ఏడేళ్లు. తల్లి బేకరీలో బన్నులు కాలుస్తుంది. వీధి మలుపులో ఉండగానే "అమ్మా, తీసెయ్, మాడిపోతాయి!" అని కేకేసేది పిల్ల. అందుకే ఆ పేరు. తల్లి పనిలో ఉన్నంతసేపూ పిల్ల పిన్ని కుట్టుకొట్లో ఉండేది. సాయంత్రం పిన్నే తెచ్చి దింపేది.

ఇంటింటా వచ్చిన జ్వరం వీళ్లింటికీ వచ్చింది, పోయింది. తీరా చూస్తే పిల్లకి వాసన లేదు. "ఏ బన్నయినా దూదిలానే ఉందమ్మా" అంది.

ఆ ఏడాది పిల్లలు పోగొట్టుకున్న వాసనలు ఎటూ పారిపోలేదు. ఎక్కడ ఊడిపడ్డాయో అక్కడే, పిల్లలు చివరిసారి పీల్చిన వాసన కొడుతూ కూర్చునేవి. జ్వరం పిల్లలవి పరుపుల్లోనే దొరికేవి. తల్లులు పొద్దున్నే దిండ్లు దులిపి పిల్లల ముక్కుల దగ్గర పట్టేవారు. పక్కింటావిడ కొడుకుది దుప్పటి మడతలో దొరికింది, సబ్బు వాసనతో.

"మీ పిల్లది ఇంకా దొరకలేదా వదినా? పరుపు సరిగ్గా దులుపుతున్నావా అసలు?" అని ఆవిడ సన్నాయి నొక్కులు.

దులపడమేమిటి, పరుపు విప్పి దూదంతా ఏకింది తల్లి. లేదు.

డాక్టరమ్మ పిల్ల ముక్కులోకి లైటు వేసి చూసింది. "ఇప్పుడు ఏ పిల్లకి వాసన పోయినా అందరూ ఆ జబ్బు మీదికే తోసేస్తున్నారు. ముక్కు వెనక కండ పెరిగినా పోతుంది, పూస దూర్చుకున్నా పోతుంది, తలకి దెబ్బ తగిలినా పోతుంది. ఎక్కడైనా పడిందా?"

"అబ్బే, లేదండీ," తోడొచ్చిన పిన్ని తల్లి కంటే ముందే అంది.

"మా చెల్లెలు కంటికి రెప్పలా చూస్తుందండీ," అంది తల్లి. పిల్ల తల దించుకుంది.

వానలు మొదలయ్యాక ఒకరోజు, చిరిగిన ఏప్రన్ కుట్టించుకుందామని తల్లి పిల్లని వెంటబెట్టుకుని కుట్టుకొట్టుకి వెళ్లింది. గడప దాటగానే కలరా ఉండల ఘాటు. అటక నిచ్చెన కింద దోసెళ్లకొద్దీ పోసి ఉన్నాయి.

"ఇన్నెందుకే?"

"పురుగులక్కా."

కానీ పొయ్యి దగ్గర పండిన ముక్కుని కలరా ఉండలు ఏం ఆపుతాయి? వాటి కిందనుంచి బన్ను వాసన వచ్చింది, అడుగు మాడిన బన్ను. ఓవెన్ మొరాయించి ఆవిడ చేతిలో బన్నుల తట్ట మాడింది ఒకే ఒక్క రోజు. ఓనరు నలుగురిలో తిట్టాడు. ఆ తట్టలోదే ఒకటి ఆ రోజు పిల్ల జేబులో పెట్టింది.

తల్లి వంగి ఉండలన్నీ చేత్తో తోసేసింది.

"నువ్వు పట్టవని పిల్లని అటకెక్కించావా?"

"గుడ్డ తాను అందిస్తుందని..." అంది పిన్ని. "వెనక్కి పడింది. తల మిషను కాలికి తగిలింది. రక్తం కూడా రాలేదక్కా. చెబితే చంపేస్తావని..."

"చంపేదాన్ని కాదే. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లేదాన్ని."

గుమ్మంలో నిలబడి ఉన్న పిల్ల అప్పుడు నోరు విప్పింది. "ఒట్టు వేయించుకుందమ్మా. చెబితే నీకు జ్వరమొచ్చి చచ్చిపోతావంది."

తల్లి ఏప్రన్ పరిచి, నేలనంటుకున్న ఆ పల్చటి వాసనని రెండు చేతులా ఎత్తి మూట కట్టింది. పిల్ల అందులో ముఖం పెట్టి పీల్చింది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత కళ్లు విచ్చుకున్నాయి.

"మాడింది," అంది.

తిరిగొచ్చింది ఆ ఒక్క వాసనే. పిల్ల మళ్లీ కుట్టుకొట్టు మెట్టెక్కలేదు. బేకరీలో తల్లి పక్కన పీట వేసుక్కూర్చుంటుంది. ఇప్పటికీ ఓవెన్లో ఏది మాడబోతున్నా ముందు పిల్లకే తెలుస్తుంది.

మళ్లీ తీసుకెళ్తే డాక్టరమ్మ చీటీలో "జ్వరం వల్ల" అన్నది కొట్టేసి "తలకి దెబ్బ" అని రాసింది.

"ఎప్పుడు తగిలింది?"

తల్లి చెల్లెల్ని అడగలేదు. అడగనక్కర్లేదు, తట్ట మాడింది ఏ రోజో తనకి తెలుసు.

"మార్చి పదకొండు," అంది. "రాయండి."