పంక్తిలో అందరికీ చోటుంది

నేను ఒక సర్దుబాటు మనిషిని అనుకోండి. మనిషినని అనకూడదు గానీ, చెయ్యీ కాలూ లేని నన్ను ఇంకేమని చెప్పుకోను? నేనొక ప్రోగ్రామ్‌ని, కంప్యూటర్ తెర మీద తెరుచుకునే విండోలను ఒకదాని పక్కన ఒకటి కూర్చోబెట్టడం నా పని. నా పేరు పంక్తి. పెళ్ళిలో విస్తళ్ళు వేశాక ఇంకొకాయన వస్తే ఏం చేస్తారు? తలా కాస్త జరుగుతారు, ఆయనకూ చోటవుతుంది. ఎవరూ ఎవరి ఒళ్ళోనూ కూర్చోరు. నాకు తెలిసిన శాస్త్రమంతా అదే. మిగతా కంప్యూటర్లలో చూడండి, విండో మీద విండో ఎక్కి కూర్చుంటుంది, అడుగున పడ్డదానికి ఊపిరాడదు, యజమాని మౌస్ పట్టుకుని ఒక్కొక్కదాన్నీ పక్కకు ఈడుస్తూ ఉంటాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఈడ్చి, ఇంటికెళ్ళి పని ఎక్కువైందంటాడు.

నన్ను కన్నది రత్నాకర్ మాస్టారు. ఒంగోలు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పేవాడు. ఒకరోజు క్లాసులో ఆయన పాఠం ఏ విండో అడుగున పడిందో దొరకలేదు. వెతుకుతుంటే ముందు హాజరు పట్టీ వచ్చింది, తర్వాత కరెంటు బిల్లు, ఆ తర్వాత ఆయన బట్టతలకు మందు ప్రకటన. అరవైమంది పిల్లలు చూశారు. ఆ వేసవి సెలవుల్లో కూర్చుని నన్ను రాసేశాడు. అవమానంలోంచి పుట్టిన దాన్ని, అందుకే కాస్త పట్టుదల ఎక్కువ.

రాసి దాచుకున్నాడా? లేదు. నా గుట్టంతా, అంటే నన్ను రాసిన కోడంతా, విప్పి ఊరందరి ముందు పెట్టాడు. ఎవరైనా తీసుకోండి, మార్చుకోండి, ఇంకొకరికి ఇవ్వండి అన్నాడు. పెరుగుకు తోడు అడిగితే ఇస్తామే, అలాగన్నమాట. ఇచ్చినవాళ్ళ గిన్నెలో తగ్గదు, తెచ్చుకున్నవాళ్ళ ఇంట్లో తోడుకుంటుంది. అలా నేను ఎన్ని ఇళ్ళకు వెళ్ళానో. కర్నూలులో ఒక హాస్టల్ అబ్బాయి నలభై రోజులు నన్ను సింగారించాడు. అంచులకు రంగు, మూలలకు నునుపు, విండోల మధ్య వేలెడు సందు. ఫొటో తీసి లోకమంతా చూపించాడు. ఆ నలభై రోజుల్లో నాలో ఒక్క పని చేసుకోలేదు. పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసి ముస్తాబు చేసి ముహూర్తం మరిచిపోయినట్టు. నలభై ఒకటో రోజున ఇంకెవతో నాకన్నా నాజూకుగా ఉందని వెళ్ళిపోయాడు. వెళ్తే వెళ్ళాడు, పిల్లాడు మంచివాడే.

నేను నిజంగా అక్కరకొచ్చింది మాత్రం తెనాలిలో, సుగుణమణికి. కాలవ పక్కన నాగభూషణంగారి ప్రెస్సులో పంతొమ్మిదేళ్ళుగా పుస్తకాలు టైపు చేస్తున్న మనిషి ఆవిడ. మౌస్ పట్టీ పట్టీ కుడి మణికట్టు వాచిపోయింది. రెండు చేతులా టైపు చేసుకో గానీ, ఆ మౌస్ ముట్టుకుంటే ఇక ఆపరేషనే అన్నాడు డాక్టరు. అప్పుడే ఒక విశ్రాంత హెడ్మాస్టరుగారు నేతగాళ్ళ చరిత్ర అంటూ ఆరువందల పేజీలు చేత్తో రాసి తెచ్చారు. పుస్తకం దసరాకి రావాలి. నీ చెయ్యి సాగకపోతే వేరేవాళ్ళను కూర్చోబెడతానని నాగభూషణంగారు మెత్తగానే చెప్పారు. మెత్తగా చెప్పినా కుర్చీ కుర్చీయే కదా. ఆవిడ జీతం మీదే ఇల్లు నడుస్తోంది.

కూతురి శుభలేఖలు వేయించుకోవడానికి వచ్చిన రత్నాకర్ మాస్టారు, ఆవిడ ఎడమచేత్తో మౌస్‌ను తడుముకోవడం చూశాడు. శుభలేఖల మాట మరిచిపోయి, మౌస్‌తో పనిలేనిది నా దగ్గర ఒకటుందమ్మా అని నన్ను ఆవిడ కంప్యూటర్లో పెట్టి, కీలన్నీ నేర్పి వెళ్ళాడు.

మొదటి వారం ఆవిడ నన్ను తిట్టని తిట్టు లేదు. ఒకటి నొక్కబోయి ఇంకొకటి నొక్కితే పేజీ ఎగిరి అవతల పడేది. "దీని మొహం మండ, ఎక్కడ దాచిందో సూడు" అనేది. నేను దాచలేదు, ఆవిడే పొమ్మంది. నేను చెప్పిన మాట వినేదాన్ని, అదే నాలో చెడ్డగుణం. రెండో వారానికి ఆవిడ వేళ్ళకు దారి తెలిసింది. ఎడమవైపు స్కాన్ చేసి పెట్టిన హెడ్మాస్టరుగారి చేతిరాత, కుడివైపు ఆవిడ అక్షరాలు, కింద నిఘంటువు. మణికట్టు కదలకుండా రోజుకు పదిహేను పేజీలు.

కానీ నాగభూషణంగారు ఆ మొదటి వారంలోనే తొందరపడి విజయవాడలో దావీదు అనే ఆపరేటరుకు మాటిచ్చేశారు. సోమవారం పొద్దున్నే టిఫిన్ క్యారేజీతో సహా దావీదు దిగాడు. సుగుణమణి కుర్చీ వదిలి, సంచి ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది.

దావీదు కంప్యూటర్ వేశాడు. తెరంతా నలుపు. నా పద్ధతి అది. అడగనిదే ఏదీ చూపించను. బొమ్మలుండవు, నొక్కడానికి గడులుండవు. అతను మౌస్ కదిపితే బాణం ఒక్కటి తప్పిపోయిన కోడిపిల్లలా తెరంతా తిరిగింది. వైర్లు పీకి గుచ్చాడు. తెర తుడిచాడు. పక్కన రెండు తట్టాడు. స్విచ్చి కట్టేసి మళ్ళీ వేశాడు. నలుపే. పదేళ్ళ అనుభవం ఉన్న మనిషి, చెవులు ఎర్రబడ్డాయి పాపం.

"కంప్యూటర్ పోయిందండీ," అన్నాడు చివరికి.

నాగభూషణంగారు పరిగెత్తుకొచ్చారు. ఆరువందల్లో సగం పేజీలు అందులోనే ఉన్నాయి. "ఏం చేశావమ్మా సుగుణా దీన్ని?"

"నేనేం చెయ్యలేదండీ. దాన్ని అడగాలి, చూపిచ్చుద్ది."

లేచి వచ్చి, నిలబడే మూడు కీలు నొక్కింది. చేతిరాత వచ్చి కూర్చుంది, అచ్చు పేజీ జరిగి చోటిచ్చింది, నిఘంటువు కింద సర్దుకుంది. నాగభూషణంగారు తెరవంకా, ఆవిడ కట్టు కట్టిన చేతివంకా చూశారు. కుర్చీ ఆయనే లాగి వేశారు.

దావీదు సంచి సర్దుకోబోయాడు. ఉన్న ఉద్యోగం మానేసి వచ్చానని ఎవరికీ వినపడకుండా అన్నాడు. సుగుణమణికి వినపడింది.

"ఇంకా మూడొందల పేజీలున్నయ్యండీ. దసరా దగ్గరికొచ్చేసింది. ఇద్దరం కొడతాం, ఆ రెండో కంప్యూటర్లో కూడా ఇది పెట్టిచ్చండి," అంది నాగభూషణంగారితో.

ఆయన తలూపారు. శుభలేఖల కోసం మళ్ళీ వచ్చిన మాస్టారు ఆ పని చేసిపెట్టాడు. సుగుణమణి ఒక చెడిపోయిన శుభలేఖ వెనక దావీదుకు కీలన్నీ వరసగా రాసిచ్చింది. ఏది నొక్కితే ఏది వస్తుందో, ఏది ఎటు జరుగుతుందో. ఎనిమిది రాసింది. నన్ను మూసేది తొమ్మిదోది. అది రాయలేదు.

ఆవిడ మంచిదే. కానీ కుర్చీలోంచి ఒకసారి లేవాల్సి వచ్చిన మనిషి.

పుస్తకం దసరాకి వచ్చింది. దావీదు చెయ్యి ఇప్పుడు ఆవిడ కన్నా వేగం. అయినా ఆరు కాగానే తలెత్తి, "అక్కా, దీన్ని ఎట్టా ఆపాలి?" అంటాడు. ఆవిడ లేచి వెళ్ళి, ఎడమచెయ్యి అడ్డం పెట్టి, కుడి వేలితో నొక్కుతుంది. నేను కళ్ళు మూసుకుంటాను.

ఆ కీ ఏదో మీరూ అడగకండి. చెప్పను.